కొలత యంత్రం సర్వీసు విషయంలో మీ సంస్థ చూపిన నిర్లక్ష్యంపై ఫిర్యాదు

సర్వీసు విభాగాధిపతి గారికి,
ప్రధాన కార్యాలయం.

విషయం: సాఫ్ట్‌వేర్ మార్చిన తరువాత రంధ్రాల పొజిషన్ (ఉండవలసిన చోటి నుంచి ఎంత జరిగాయన్న) కొలతల్లో వచ్చిన తేడా గురించి; మేము వేసిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వకపోవడం గురించి.

అయ్యా,

హైదరాబాద్ బాలానగర్‌లో ఉక్కు ఫ్లాంజీలు (బోల్టులతో బిగించే చక్రాల్లాంటి భాగాలు), హౌసింగులు మెషినింగ్ చేసి ఇచ్చే చిన్న పరిశ్రమ మాది. మీ సంస్థ తయారుచేసిన సీఎంఎం (భాగాలను తాకి కొలతలు తీసే కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్) యంత్రాన్ని కొని, ప్రతి ఏడూ ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) సొమ్ము గడువుకు ముందే కడుతూ వస్తున్నాము. యంత్రం అన్నాక తేడా రావడం సహజమే, అందుకు నాకు కోపం లేదు. ఆ తేడాను స్పష్టంగా రాసి, రుజువులు జతచేసి పంపినా మీ సంస్థలో ఒక్కరు కూడా పూర్తిగా చదవలేదన్నదే నా బాధ. మీ కింది అధికారులందరూ నన్ను ఒకరి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి పంపిన తరువాత, వేరే దారి లేక నేరుగా మీకు రాస్తున్నాను.

సంగతి ఇది. మీ ఇంజనీరు వచ్చి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసి వెళ్లిన మరునాడు, పోల్చి చూడటానికి మేము మాస్టర్‌గా దాచుకున్న ఫ్లాంజీని ఎప్పటి ప్రోగ్రామ్‌తోనే కొలిచాము. అంతకుముందు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూపిన రంధ్రం పొజిషన్ ఆ రోజు 58 చూపింది. డ్రాయింగ్ అనుమతించేది 50 మాత్రమే. కొలత కచ్చితంగా తెలిసిన రింగ్ గేజ్, స్లిప్ గేజ్‌లు పెట్టి చూస్తే కొలతలు సరిగ్గానే వస్తున్నాయి, అంటే భాగాన్ని తాకే ప్రోబ్‌లోనూ యంత్రం స్కేళ్లలోనూ దోషం లేదు. మా దగ్గర తనిఖీ చూసే పెద్దాయన అదే ఫ్లాంజీని సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టి, హైట్ గేజ్‌తో, డయల్‌తో ఓపికగా కొలిస్తే పాత అంకెకు దగ్గరగానే వచ్చింది. ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న మరో ప్రయోగశాలలో డబ్బు కట్టి కొలిపిస్తే వాళ్ల నివేదిక కూడా అదే చెప్పింది.

కాబట్టి మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, మెయిల్‌లో కూడా ఒకే ఒక్క ప్రశ్న రాశాము. డేటమ్‌లను, అంటే కొలతలకు ఆధారంగా తీసుకునే తలాన్నీ అక్షాన్నీ, లెక్కగట్టే పద్ధతి కొత్త వెర్షన్‌లో మారిందా? డేటమ్ బోర్‌కు (ఆధారంగా తీసుకునే రంధ్రానికి) లోపల పట్టే అతి పెద్ద స్థూపాన్ని తీసుకోవాలని, డ్రాయింగ్‌లకు సంబంధించిన ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణం చెబుతుంది. దానికి బదులు ప్రోబ్ తాకిన బిందువులన్నింటి సగటు స్థూపాన్ని మీ సాఫ్ట్‌వేర్ తీసుకుంటోందా? ప్రధాన డేటమ్ తలాన్ని కూడా ఎత్తైన చోట్ల ఆనే తలంగా కాక సగటు తలంగా లెక్కిస్తే అక్షం కొద్దిగా వాలుతుంది, లోతైన రంధ్రం అడుగుకు వెళ్లేసరికి ఆ వాలు పెద్ద తేడాగా బయటపడుతుంది. అవునో కాదో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషికి పెద్ద సమయం పట్టదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఫోన్ ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, యంత్రం సీరియల్ నంబరు రాసుకున్నాక ప్రశ్న రాసుకోవడానికి తన దగ్గర స్థలం లేదని, ‘కొలత తప్పు’ అని మాత్రమే నమోదు చేస్తానని చెప్పింది. తరువాత ఎప్పుడు ఫోన్ చేసినా కొత్త గొంతు వినిపించేది, మళ్లీ అదే నంబరు, అదే కథ మొదటి నుంచి చెప్పవలసి వచ్చేది. కొన్నాళ్లకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చింది. మా షాపు గడప ఎవరూ తొక్కలేదు, ఎవరూ ఫోన్‌లో మాట్లాడలేదు. ఏం పరిష్కరించారని అడిగితే, ఆ ఫిర్యాదు మూసేశారు కాబట్టి కొత్తది పెట్టుకోమన్నారు.

కొత్తది పెట్టాక ఒక సర్వీసు ఇంజనీరు ఫోన్ చేసి, గది ఉష్ణోగ్రత సరిగా ఉండి ఉండదని, ఏసీ చూసుకోమని తేల్చేశారు. ఆయన మాట కాదనకుండా లెక్క వేసి పంపాను. కొలతలన్నిటికీ ప్రామాణికం 20 డిగ్రీల సెల్సియస్. ఉక్కు మీటరుకు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. మా రంధ్రం డేటమ్ కేంద్రానికి 90 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, అంటే డిగ్రీకి జరిగేది ఒక్క మైక్రాన్. పొజిషన్‌ను వ్యాసంగా, అంటే జరిగిన దూరానికి రెట్టింపుగా చెబుతారు కాబట్టి నివేదికలో అది రెండు మైక్రాన్లుగా కనిపిస్తుంది. 28 మైక్రాన్ల తేడా రావాలంటే గది 13 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. మా గదిలోని రికార్డరు పట్టీలో మార్పు ఒక్క డిగ్రీ కూడా దాటలేదు, ఆ పట్టీ ఫొటో కూడా జతచేశాను. దానికి వచ్చిన జవాబు, ‘దయచేసి గది ఉష్ణోగ్రత సరిచూసుకోండి’ అని మళ్లీ అదే వాక్యం. నా లెక్కలో తప్పుంటే చూపించి ఉంటే కృతజ్ఞత చెప్పేవాణ్ణి. అసలు చదవనే లేదని తెలిశాక మనసు విరిగింది.

ఆ తరువాత మరో ఇంజనీరు ప్రోబ్ చివరి పుల్ల, అదే స్టైలస్, అరిగిందన్నారు, దాని కొనన ఉన్న రూబీ బంతి మార్చమని ధరల పట్టిక పంపారు. స్టైలస్ అరిగితే రింగ్ గేజ్ వ్యాసం కూడా తప్పు రావాలి కదా అని అడిగితే, అది అప్లికేషన్ విభాగం చూసుకుంటుందన్నారు. అప్లికేషన్ విభాగం వారు సాఫ్ట్‌వేర్ విభాగమన్నారు. సాఫ్ట్‌వేర్ విభాగం కస్టమర్లతో నేరుగా మాట్లాడదట, హైదరాబాద్ శాఖ ద్వారానే రావాలట. హైదరాబాద్ శాఖాధికారి, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉన్నప్పుడు మీకు ఇబ్బంది ఏమిటని నన్నే ఎదురు ప్రశ్నించారు. ఐఎస్ఓ 10360 ప్రకారం చేసిన ఆ పరీక్ష యంత్రం పొడవులను ఎంత సరిగ్గా కొలుస్తుందో చెబుతుంది గానీ, మా ప్రోగ్రామ్ డేటమ్‌లను ఏ పద్ధతిలో కడుతుందో చెప్పదు. మీ సంస్థలో ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తికి ఈ తేడా నేను వివరించవలసి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇన్ని రోజుల్లో మీ సంస్థ నుంచి తమంతట తాముగా నాకు ఫోన్ చేసింది ఒక్క విభాగమే, వచ్చే ఏడాది ఏఎంసీ రెన్యూవల్ కోసం.

మా వీధిలో చాలామంది ఇంకా వెర్నియర్, మైక్రోమీటర్లతోనే నెట్టుకొస్తున్న రోజుల్లో, అప్పు చేసి మీ యంత్రం కొన్నాను. దాన్ని చూడటానికి వచ్చిన తోటి పరిశ్రమల వారికి నేనే దగ్గరుండి చూపించాను, నా మాట మీద కొన్నవారు ఉన్నారు. తక్కువ ధరకు పోటీ సంస్థ యంత్రం ఇస్తానని వచ్చినప్పుడు, సర్వీసు ముఖ్యమని చెప్పి వారిని వెనక్కి పంపాను. ఆ నమ్మకానికి విలువ ఇవ్వడమంటే ఇదేనా అని అడిగే హక్కు నాకుందనుకుంటున్నాను.

మీరు ఆలస్యం చేసే కొద్దీ నష్టపోతున్నది నేను. తూకపు రాయి మీద అనుమానం వస్తే దుకాణంలో అమ్మిన సరుకంతటి మీదా అనుమానమే. ఐఎస్ఓ 9001 ప్రమాణంలోని 7.1.5 క్లాజు ప్రకారం కొలత పరికరం సరిగా లేదని తేలితే, అంతకుముందు దానితో ఇచ్చిన ఫలితాలు చెల్లుతాయో లేదో నేను పరిశీలించి తీరాలి. ఏ అంకె నిజమో మీరు చెప్పనిదే ఆ పని మొదలుపెట్టలేను. మంచి ఫ్లాంజీలను తిరస్కరిస్తున్నానో, లేక ఇన్నాళ్లూ చెడ్డవాటిని పంపానో తెలియని స్థితిలో మా కస్టమర్ ముందు నిలబడవలసి వస్తోంది. సరుకు బయటి ప్రయోగశాలలో కొలిపించి పంపుతున్నాను, ఆ ఖర్చు కూడా నా మీదే పడుతోంది.

కాబట్టి నా ప్రశ్న చదివి అర్థం చేసుకోగల ఒక మనిషిని పంపండి. డేటమ్ లెక్క మారిందా లేదా అన్నది సంస్థ లెటర్‌హెడ్ మీద, సంతకంతో రాసివ్వండి. మారి ఉంటే మా ప్రోగ్రామ్‌లు మీ ఖర్చుతో సరిచేయండి, బయటి కొలతలకు నేను కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వండి. మా పెద్దాయన ముందు, మా మాస్టర్ ఫ్లాంజీ మీదనే కొలిచి చూపించాలి. ఫోన్‌లో మరో వివరణ ఇక నాకు అక్కర్లేదు.

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం నాకు వర్తించదని మీ శాఖాధికారి అడగకుండానే చెప్పారు. అయినా ఏఎంసీ ఒప్పందం మీద మీ సంస్థ సంతకం ఉంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షన్ ఒప్పందం తప్పినవారి నుంచి నష్టపరిహారం అడగనిస్తుంది. ఈ నెలాఖరులోగా రాతపూర్వక జవాబు రాకపోతే మా న్యాయవాది నోటీసు మీకు అందుతుంది. ఏఎంసీ రెన్యూవల్ సొమ్ము అప్పటిదాకా నిలిపివేస్తున్నాను. నా మాట మీద మీ యంత్రం కొన్న ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం నకలు నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను.

జతపరచినవి: పాత, కొత్త కొలత నివేదికలు, బయటి ప్రయోగశాల నివేదిక, ఉష్ణోగ్రత పట్టీ, మీకు పంపిన మెయిళ్ల నకళ్లు.

ఇట్లు,
యజమాని,
బాలానగర్, హైదరాబాద్.