ఎముకను పొర నుంచి విడదీయొద్దు

సంపాదకులకు నమస్కారం.

సింగరేణి బొగ్గు గురించి పత్రికల్లో ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. ఆ బొగ్గుకు కిందా పైనా ఉన్న పొరల ఊసు మాత్రం ఎక్కడా కనిపించదు. భూమి గడ్డకట్టి, కరిగి, ఎండి, మళ్ళీ తడిసిన చరిత్రంతా ప్రాణహిత–గోదావరి లోయలో ఒకదాని మీద ఒకటిగా పేరుకుని ఉంది. దాన్ని, ఆ పొరల్లో రాయిగా మారిన ఎముకలను (శిలాజాలను) కాపాడుకునే ఏర్పాటు కావాలని ఈ లేఖ రాస్తున్నాను.

అడుగున ఉన్నది తాల్చేరు పొర. సుమారు 30 కోట్ల ఏళ్ళ క్రితం హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన బండరాళ్ళు అందులో సన్నటి బంకమట్టితో కలిసిపోయి ఉంటాయి. కొన్నిటి మీద మంచు రాపిడికి పడిన గీతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అప్పట్లో ఈ నేల, దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. మంచు కరిగాక చిత్తడి నేలల్లో గ్లాసాప్టెరిస్ అనే, ఇప్పుడు అంతరించిన చెట్ల అడవులు పెరిగాయి. రాలిన ఆకు, విరిగిన కొమ్మ నిలవ నీటిలో పూర్తిగా కుళ్ళకుండా పేరుకుని బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించింది ఆ బొగ్గునే.

25.2 కోట్ల ఏళ్ళ క్రితం సైబీరియాలో లావాతోపాటు వెలువడిన వాయువులు భూమిని విపరీతంగా వేడెక్కించాయి. సముద్ర జీవజాతుల్లో పదింట ఎనిమిదికి పైగా అంతరించాయి. చిత్తడి అడవులు ఎంతగా దెబ్బతిన్నాయంటే, ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్ళపాటు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు పొర ఏర్పడలేదు.

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి ఆ ఉపద్రవానికి చాలాకాలం తర్వాతిది, దానితో మొదలైన ట్రయాసిక్ యుగపు చివరి భాగానిది. గాలి తగిలి ఇనుము తుప్పుపట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. మట్టిలోని సున్నపు గడ్డలు ఏటా తడి కాలం, ఎండు కాలం మారి మారి వచ్చాయని చెబుతాయి. నీళ్ళలో ఊపిరితిత్తుల చేపలు, మొసలిని పోలిన పారాసూకస్, గట్టున ముక్కు వంగిన రింకోసార్లనే సరీసృపాలు బతికాయి. ఇక్కడ దొరికిన రెండు పారాసూకస్ అస్థిపంజరాల పొట్ట భాగంలో మలేరిసారస్ అనే చిన్న సరీసృపపు ఎముకలు ఉన్నాయి. ఏది దేన్ని తినేదో ఇంత సూటిగా తెలియడం చాలా అరుదు. ఎవరైనా ఆ ఎముకలను ఏరి సంచిలో వేసుకుని ఉంటే, ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆ తర్వాతి జురాసిక్ కాలపు పొరలోనూ (కోట అనే ఊరి పేరుతో దాన్ని కోట పొర అంటారు) ఇదే జరిగింది. నది అవతల, మహారాష్ట్రలోని సిరోంచా దగ్గర బారాపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు పెద్ద పెద్ద చెట్ల మానులతో కలిసి దొరికాయి కాబట్టే, అక్కడ భారీ వరద వచ్చిందని శాస్త్రవేత్తలు ఊహించగలిగారు.

అందుకే పొలంలోనో, మొరం గుంతలోనో, వాన కోసిన గట్టులోనో ఎముక లాంటిది కనిపిస్తే ముందు చెయ్యి పెట్టొద్దు. విరిగిన అంచును భూతద్దంతో చూడండి: ఎముకైతే లోపల స్పాంజిలా సన్నటి గదులుంటాయి, సున్నపు గడ్డ లోపలంతా ఒకే తీరుగా ఉంటుంది. పక్కన పెన్నో నాణెమో పెట్టి దగ్గరగా ఒక ఫొటో, చుట్టూ ఉన్న పొర కనిపించేలా దూరం నుంచి మరొకటి తీయండి. ఫోన్‌లో ఆ చోటు లొకేషన్ భద్రపరచండి. నీళ్ళు పోసి కడగడం, వార్నిష్ పూయడం, ఫెవికాల్ పెట్టడం చేయొద్దు. హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి కబురు చేయండి.

తవ్వి తీయడం అనుభవజ్ఞుల పని. ఎముక చుట్టూ తవ్వి, దాన్ని మట్టి దిమ్మె మీద నిలబెడతారు. తడి కాగితం కప్పి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పట్టీలు చుట్టి, అవి గట్టిపడ్డాకే అడుగు కోసి తిరగేస్తారు. కాగితం మరిచిపోతే ప్లాస్టర్ ఎముక పైపొరను పీక్కొస్తుంది. అడుగు తొందరపడి కోస్తే మొత్తం కూలిపోతుంది.

ప్రభుత్వాలను కోరేది ఇది. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో విడుదల చేసిన ముసాయిదాను, పరిశోధకుల అభ్యంతరాలను సరిచూసి, చట్టం చేయాలి. ఈ లోయలో మొరం, మట్టి తవ్వకాలకు ఇచ్చే అనుమతుల్లో శిలాజం బయటపడితే ఆ గుంతలో పని ఆపి కలెక్టర్‌కు తెలపాలన్న షరతు పెట్టాలి. రైతు పొలంలో దొరికితే పంట నష్టం కట్టివ్వాలి. లేకపోతే కబురు చెప్పమని అతన్ని అడిగే హక్కు మనకుండదు.

యామన్‌పల్లి దగ్గర కోట పొరలోనే దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, బారాపాసారస్ కోల్‌కతాలో ఉంది. అసలు ఎముకలు అక్కడే భద్రంగా ఉండనివ్వండి. వాటి నమూనాలు పోతపోయించి, తాల్చేరు బండ, బొగ్గు, ఎర్రమట్టి, కోట సున్నపురాయి వరుసగా పేర్చి, మంచిర్యాలలో ఒక ప్రదర్శనశాల పెట్టాలి. ఆసిఫాబాద్, చెన్నూరు పిల్లలు బస్సెక్కి వచ్చి, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరంలో అది ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మంచిర్యాల