'మంచం దిగొద్దు' అనకండి

సంపాదకులకు,

పెద్దవాళ్లు పడ్డారనగానే ఇంట్లో మొదట వినిపించే మాట 'ఇక మంచం దిగొద్దు' అని. బాగా నీరసించినవాళ్లకు ఇంతకంటే చెరుపు చేసే సలహా లేదు. కదలిక తగ్గిన కొద్ది రోజులకే తొడ కండరాలు సన్నబడతాయి. కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం కావాల్సి వస్తుంది. రెండోసారి పడటానికి దారి అక్కడే పడుతుంది.

తూలుడు ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులున్న కుర్చీ, దానికి 3 మీటర్ల దూరంలో నేలమీద ఒక గీత, సెకన్లు చూపే గడియారం చాలు. రోజూ వేసుకునే చెప్పులతో, వాడుతుంటే చేతికర్రతోనే లేచి గీతదాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే ముప్పున్నట్టు లెక్క. పరీక్ష అనగానే పందెం అనుకుని పరుగెత్తే పెద్దలుంటారు; మామూలు నడకే అని ముందే చెప్పాలి. అంకెతో సరిపెట్టుకోకుండా గీత దగ్గర మళ్లేటప్పుడు గమనించండి. తడబడుతూ చిన్నచిన్న అడుగులేస్తున్నా, గోడకోసం చెయ్యి చాస్తున్నా ఆ సంగతి గడియారం చెప్పదు.

ఇంకో పరీక్ష, ఊతం లేకుండా నిలబడటం. ముందు పాదాలు పక్కపక్కన, ఆపైన ఒకటి సగం ముందుకు, చివరగా ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు ఆనేలా. ఒక్కో భంగిమలో 10 సెకన్లు. చివరిదాంట్లో 10 సెకన్లు నిలవలేకపోతే డాక్టరుకు చెప్పాలి. రెండు పరీక్షల్లోనూ పక్కన చెయ్యందేంత దగ్గర మనిషి ఉండాల్సిందే.

లేవగానే కళ్లు తిరిగేవాళ్లకు 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే మందుల చీటీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మందులు కారణం కావచ్చు. సొంతంగా మాత్రం మానేయకూడదు.

ఇక వ్యాయామం. కుర్చీలో కూర్చుని కాళ్లూ చేతులూ ఊపిస్తే సరిపోతుందనుకోవడం దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. నిలబడి చేయనిదే నిలదొక్కుకోవడం రాదు. న్యూజిలాండ్‌లో రూపొందిన ఒటాగో పద్ధతిలో వారానికి 3 సార్లు కాళ్ల బలానికి, నిలకడకు వ్యాయామాలు, విడిగా నడక ఉంటాయి. బరువైన, కదలని బల్లను రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టి, కుదిరినకొద్దీ ఒక చేతికి, తర్వాత వేళ్ల కొసలకు ఊతం తగ్గించాలి. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి మొదలెట్టిస్తే మేలు.

చేతికర్ర సంగతి ఒక్క ముక్క: నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టాలి. చెయ్యి కిందకు వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి.

– ఒక ఫిజియోథెరపిస్టు