టచ్ స్క్రీన్ జనరేటర్లు వాడుతున్న మా కస్టమర్లకు: ఎర్ర అక్షరాలు వస్తే ముందు ఫోటో తీయండి

నమస్కారం. భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు మా దగ్గర జనరేటర్లు కొన్నవాళ్లకీ, సర్వీసు చేయించుకుంటున్నవాళ్లకీ ఈ కబురు. మా కస్టమర్లలో రొయ్యల చెరువుల వాళ్లే ఎక్కువ కాబట్టి వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఐస్ ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, ఫంక్షన్ హాళ్ల వాళ్లకీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రాత్రి పది దాటాక మా మనిషి రావాలంటే విజిటింగ్ చార్జీ 1200 రూపాయలు. ఇప్పటిదాకా పగలూ రాత్రీ ఒకటే, 700. పగటి రేటు మార్చడం లేదు. ఫోన్‌లో చెప్పే సాయానికి ఏ వేళలోనైనా పైసా తీసుకోం. రాత్రి వచ్చే పిలుపుల్లో చాలా వాటికి అంత దూరం వెళ్లి చేసేది స్క్రీన్ మీద రెండు చోట్ల నొక్కి రావడమే. దానికి మీ దగ్గర డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మా కుర్రాడు అర్ధరాత్రి బురద గట్ల మీద బండి నడపడం అంతకన్నా ఇష్టం లేదు. ఫోన్‌లో తేలే పని ఫోన్‌లోనే తేలాలి. అలా తేలాలంటే ఆ స్క్రీన్ ఏం చెబుతోందో అక్కడ ఉన్న మనిషికి చదవడం రావాలి.

ఈ స్క్రీన్లు ఇంతగా ఎందుకొచ్చాయని చాలామంది అడుగుతున్నారు. 2024 జులై నుంచి 800 కిలోవాట్ల లోపు కొత్త జనరేటర్లన్నీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పెట్టిన ఫోర్ ప్లస్ నిబంధనలకు లోబడే అమ్మాలి. పొగ తగ్గించడానికి ఇంజిన్లకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది, దాన్ని నడిపే కంప్యూటర్ వచ్చింది, చాలా మోడళ్లలో పొగ గొట్టంలోకి డెఫ్ అనే యూరియా ద్రవం చల్లే ఏర్పాటూ వచ్చింది. ఆ కంప్యూటర్ చెప్పేదంతా చూపించాలంటే పాత ప్యానెల్ మీద ఉండే రెండు ముళ్ల మీటర్లు, నాలుగు బల్బులు సరిపోవు. కంపెనీలు కొన్ని బటన్ల ప్యానెల్ ఇస్తున్నాయి, కొన్ని టచ్ ఇస్తున్నాయి.

ఇక అసలు విషయం. ఇంజిన్ ఆగి, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తే మన వాళ్లు మొదట చేసే పని రీసెట్ నొక్కడం, వెంటనే మళ్లీ సెల్ఫ్ కొట్టడం. చెరువులో ఆక్సిజన్ పడిపోతుందన్న కంగారు నాకు తెలుసు. వనామీ రొయ్యకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, నాలుగు పీపీఎం పైన ఉండాలి, మూడు కిందికి పోతే తట్టుకోలేవు. తెల్లవారుజామున అది ఎలాగూ తక్కువగానే ఉంటుంది. ఆ టైములో నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఎవరికైనా చేతులు వణుకుతాయి. అయినా సరే, రీసెట్ కంటే ముందు స్క్రీన్‌ని ఫోటో తీయండి. పది సెకన్ల పని. ఫ్లాష్ ఆపి తీయండి. ఫ్లాష్ వేస్తే తెల్లటి మచ్చ పడేది సరిగ్గా కోడ్ ఉన్న చోటే. ఫోన్‌ని కాస్త పక్కకు వంచి తీస్తే అక్షరాలు స్పష్టంగా వస్తాయి. వాట్సాప్‌లో పంపి, తర్వాత ఫోన్ చేయండి.

ఆ ఫోటోలో నేను వెతికేది రెండు అంకెలు. ఎస్‌పీఎన్ అని ఒకటి, ఎఫ్ఎంఐ అని ఇంకొకటి ఉంటాయి. మొదటిది ఏ భాగమో చెబుతుంది, రెండోది దానికి ఏమైందో చెబుతుంది. ఎలక్ట్రానిక్ ఇంజిన్లలో ఏ కంపెనీ అయినా దాదాపు ఇదే పద్ధతి. ఉదాహరణకి ఎస్‌పీఎన్ 100 అంటే ఆయిల్ ప్రెషర్. దాని పక్కన ఎఫ్ఎంఐ 1 ఉంటే ప్రెషర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం. అప్పుడు ఇంజిన్ తిప్పకూడదు, డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడాలి, కింద ఎక్కడైనా కారిందేమో చూడాలి. అదే ఎస్‌పీఎన్ 100 పక్కన 3 గానీ 4 గానీ ఉంటే సెన్సర్‌దో దాని వైరుదో గొడవ, ఓల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువో తక్కువో వస్తోందని. 5 ఉంటే చాలా వరకు ఎక్కడో కనెక్షన్ తెగిందని. స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో ఆయిల్ ప్రెషర్ అనే మాట అన్నిటికీ ఒకటే. కానీ మొదటి దానిలో తొందరపడి స్టార్ట్ చేస్తే క్రాంక్ పోతుంది. మిగతా వాటిలో చాలాసార్లు ఉప్పు గాలికి పచ్చబడ్డ సాకెట్ ఊడదీసి తుడిచి పెడితే సరిపోతుంది. ఎస్‌పీఎన్ 110 కూలెంట్ వేడి, 111 కూలెంట్ మట్టం, 168 బ్యాటరీ, 1761 డెఫ్ ట్యాంకు మట్టం. ఈ ఐదు నంబర్లూ తెలుగులో స్టిక్కర్ వేయించాం. పగలు సర్వీసుకు వచ్చినప్పుడు ప్యానెల్ తలుపు లోపల అంటిస్తున్నాం, దానికి డబ్బు లేదు.

రీసెట్ నొక్కేశాక గుర్తొచ్చినా కంగారు వద్దు. ఈవెంట్ లాగ్ అని ఒక పేజీ ఉంటుంది, అక్కడ పాత అలారాలు టైముతో సహా ఉంటాయి. కాకపోతే వరసగా నాలుగైదుసార్లు రీసెట్, స్టార్ట్ చేస్తే ప్రతిసారీ కొత్త వరసలు చేరి అసలు మొదట ఏమైందో కిందికి పోతుంది. ఇంకో మాట, స్క్రీన్ మీద తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన సెట్లలో లాగ్ మీద ఎప్పటిదో తేదీ పడుతుంది, దాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం.

స్టార్ట్ అవ్వట్లేదు అని వచ్చే ఫోన్లలో మేం మొదట అడిగేది ఎర్ర పుట్టగొడుగు బటన్, అంటే ఎమర్జెన్సీ స్టాప్ గురించి. ఎవరో ఒకరు దాన్ని నొక్కి ఉంటారు. కుడివైపు తిప్పితే బయటికి వస్తుంది, ఆ తర్వాత స్క్రీన్ మీద అలారం రీసెట్ చేయాలి. ఈ రెండో పని చేయకపోతే బటన్ బయటికొచ్చినా ఇంజిన్ కదలదు. తర్వాత అడిగేది మోడ్. స్టాప్, మాన్యువల్, ఆటో అని మూడు ఉంటాయి. ఆయిల్ మార్చడానికి స్టాప్‌లో పెట్టి, పనయ్యాక ఆటోలో పెట్టడం మర్చిపోతే ఆ రాత్రి కరెంటు పోయినా జనరేటర్ తనంతట తాను లేవదు. రోజూ చీకటి పడే ముందు ఒకసారి స్క్రీన్ మీద ఆటో అని ఉందా లేదా చూసి రమ్మని మీ కాపలా మనిషికి చెప్పండి.

సెల్ఫ్ కొట్టగానే స్క్రీన్ నల్లబడి, మళ్లీ కంపెనీ బొమ్మ వచ్చి మొదటి నుంచీ మొదలైతే స్క్రీన్ పోయిందని ఫోన్ చేస్తారు. స్క్రీన్ బాగానే ఉంటుంది. బ్యాటరీ బలం తగ్గింది. సెల్ఫ్ లాగేటప్పుడు ఓల్టేజీ అంత కిందికి పడిపోతోంది. పన్నెండు ఓల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపాలి. ఆ అంకె స్క్రీన్ మీదే ఉంటుంది.

స్క్రీన్ వెలుగుతూనే ఉండి, ఆర్‌పీఎం, ప్రెషర్, వేడి ఉండాల్సిన చోట గీతలు మాత్రమే కనిపిస్తే అది వేరే సంగతి. స్క్రీన్‌కి కరెంటు అందుతోంది, ఇంజిన్ కంప్యూటర్‌తో మాట మాత్రం తెగింది. ఆ రెండింటి మధ్య మెలితిప్పిన రెండు సన్నని వైర్లు ఉంటాయి. మన దగ్గర వాటికి పెద్ద శత్రువు ఎలుక. జనరేటర్ చుట్టూ ఉండే రేకు పెట్టె, అదే కానోపీలో వెచ్చగా ఉంటుందని దూరతాయి, కొరుకుతాయి. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ వైరు తీసి ఆ రెండు వైర్ల మధ్య ఓములు చూడమనండి. రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి లైను బాగుంటే 60 చూపుతుంది. 120 చూపితే ఒక వైపు లైను తెగింది, లేదా ఒక రెసిస్టర్ ఊడింది. ఈ ఒక్క అంకె ఫోన్‌లో చెబితే మా కుర్రాడు ఏ వైరు తీసుకురావాలో ముందే తెలుస్తుంది, రెండోసారి తిరగక్కర్లేదు.

వేళ్ల సంగతి కూడా చెప్పాలి. టచ్‌లో రెండు రకాలున్నాయి. ఒత్తితే పనిచేసేది ఒకటి, మీ సెల్‌ఫోన్ లాగా వేలు తగిలితే చాలు పనిచేసేది ఇంకొకటి. రెండో రకానికి తడి చేతులు పడవు. చెరువులోంచి వచ్చి అదే చేత్తో నొక్కితే ఒకటి నొక్కితే ఇంకోటి పట్టొచ్చు, అసలు పట్టకనూ పోవచ్చు. ప్యానెల్ పక్కన ఒక పొడి గుడ్డ కట్టి ఉంచండి. మొదటి రకానికి తడి పర్లేదు, కానీ స్క్రూ డ్రైవర్ మొనతో నొక్కేవాళ్లున్నారు, ఒకే చోట గుంట పడి ఆ బటన్ చచ్చిపోతోంది. కొన్నాళ్లకు వేలు పెట్టిన చోట కాకుండా పక్కన పడుతుంటే క్యాలిబ్రేషన్ చేయాలి. అది మెనూలోనే ఉంటుంది, మూలల్లో కనిపించే గుర్తుల మీద వరసగా నొక్కడమే. డీజిల్ మరకలకు పెట్రోలు, థిన్నర్ వాడొద్దు. ఎండ నేరుగా పడే చోట ఉంటే ప్యానెల్ మీద చిన్న రేకు గొడుగు వేయించండి. ఎండలో ఏమీ కనపడకపోవడం ఒకటైతే, ఆ వేడికి డిస్‌ప్లే తొందరగా పాడవడం రెండోది.

చాలామందిని ఇబ్బంది పెడుతున్న ట్రిప్, అంటే సెట్టు తనంతట తానే ఆగిపోవడం, ఇంకొకటుంది, అండర్ ఫ్రీక్వెన్సీ. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి ఇంజిన్ 1500 ఆర్‌పీఎం మీద నిలబడాలి. కరెంటు పోయి జనరేటర్ లోడ్ తీసుకోగానే, ఆటో స్టార్టర్లున్న ఏరేటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఆరు రెట్ల దాకా ఆంపియర్లు లాగుతుంది. పదీ పదిహేను మోటార్లు ఒక్కసారి అలా లాగితే ఇంజిన్ కుంగి, ఫ్రీక్వెన్సీ పడి ట్రిప్ అవుతుంది. సెట్టు చిన్నదైపోయింది, పెద్దది కొనాలేమో అని మా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి కావాల్సింది పెద్ద సెట్టు కాదు, స్టార్టర్ల టైమర్లు వేర్వేరుగా పెట్టడం. మూడేసి ఏరేటర్లు, మధ్యలో కొన్ని సెకన్లు తేడా. కొనే ముందు స్క్రీన్ మీద లోడ్ శాతం మామూలుగా నడిచేటప్పుడు ఎంతుందో చూడండి. అది ముప్పై కంటే తక్కువలోనే ఎప్పుడూ నడుస్తుంటే సెట్టు ఇప్పటికే పెద్దది. అలా తక్కువ లోడు మీద నెలల తరబడి నడిపితే లోపల మసి పేరుకుంటుంది.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. సెట్టింగుల పాస్‌వర్డ్ మేం ఎవరికీ ఇవ్వం, ఆయిల్ ప్రెషర్ ట్రిప్, టెంపరేచర్ ట్రిప్ తీసేయమంటే తీయం. పంట చేతికొచ్చే రోజుల్లో, ఇంజిన్ పోతే పోయింది రొయ్య బతకాలి అని అడుగుతారు. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ ఆయిల్ ప్రెషర్ లేని ఇంజిన్ తెల్లవారే దాకా నడవదు, కొద్ది నిమిషాల్లో బేరింగులు పట్టేస్తాయి. అప్పుడు ఏరేటర్లూ ఉండవు, ఇంజినూ ఉండదు. అలాంటి రాత్రి కోసం మా షాపులో రెండు సెట్లు ట్రాలీ మీద సిద్ధంగా పెట్టాం. సర్వీసు కాంట్రాక్టు ఉన్నవాళ్లకు డీజిల్ మీది, రవాణా మీది, మొదటి రోజు అద్దె లేదు. డెఫ్ సిస్టమ్‌ని కంప్యూటర్‌లో తీసేయమని అడిగేవాళ్లకూ ఇదే జవాబు, చేయం. అది చట్టానికి విరుద్ధం, వారంటీ కూడా పోతుంది. డెఫ్ విషయంలో మీరు చేయగలిగింది ఒకటుంది. ఎండలో రేకుల షెడ్డు కింద క్యాన్లు పెట్టకండి. 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలిచే ద్రవం 35 దగ్గర ఆరు నెలలకే చెడిపోతుంది. మన వేసవిలో రేకు కింద ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు కలపడం, ఎరువుల యూరియా కరిగించి పోయడం అసలు వద్దు.

కొత్తగా కొనేవాళ్లు టచ్ తీసుకోవాలా, బటన్లు తీసుకోవాలా అని అడుగుతున్నారు. టచ్ ప్యానెల్ అమ్మితే నాకు కాస్త ఎక్కువ మిగులుతుంది. అయినా చెరువు గట్టు మీద, వాననీళ్లు, ఉప్పు గాలి మధ్య ఒంటరిగా ఉండే సెట్టుకి బటన్ల ప్యానెలే మంచిదని నా అభిప్రాయం. చీకట్లో, తడి చేత్తో, నిద్ర కళ్లతో నొక్కినా పడుతుంది. గదిలో ఉండి, రెండు మూడు సెట్లు కలిపి నడిపే ఐస్ ఫ్యాక్టరీకి, ప్రాసెసింగ్ ప్లాంటుకి టచ్ నిజంగా ఉపయోగం. ఏ సెట్టు మీద ఎంత లోడుందో ఒకే పేజీలో కనిపిస్తుంది. ఇంకో తేడా అడిగి తెలుసుకోండి. కొన్నిటిలో స్క్రీన్ కేవలం చూపించేదే, వెనక కంట్రోలర్ వేరేగా ఉంటుంది, స్క్రీన్ పగిలినా సెట్టు నడుస్తుంది. కొన్నిటిలో స్క్రీనే కంట్రోలర్, అది పోతే సెట్టు ఆగినట్టే. ఇక నుంచి మేం ఇచ్చే ప్రతి కొటేషన్‌లో ఇది ఏ రకమో తెలుగులో రాసి ఇస్తాం.

ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా షాపులో బల్ల మీద పనిచేసే ప్యానెల్ ఒకటి పెట్టి నేర్పిస్తున్నాం. ఫీజు లేదు. మేమే అలారాలు తెప్పిస్తాం, వచ్చినవాళ్లు చదివి, ఫోటో తీసి, ఏం చేయాలో చెప్పాలి. యజమానులు రావొచ్చు, కానీ ఒక్కరినే పంపగలిగితే రాత్రి చెరువు దగ్గర పడుకునే మనిషిని పంపండి. చదువు రాకపోయినా పర్లేదు, అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు. కెమెరా ఉన్న ఫోన్ ఒకటి అతని చేతికిచ్చి పంపండి.