యెన్ పెరిగిన రోజు నేను చేసిన ఘనకార్యం

బెంగళూరు,
18 ఆగస్టు 2024, ఆదివారం

ఒరేయ్ శీనూ,

"మీ తమ్ముడి రిసెప్షన్‌కు హాల్ దొరికిందా లేదా, ఒక్క ముక్క చెప్పి చావు" అని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఒక్క ముక్కలో అయ్యేదైతే అప్పుడే చెప్పేవాణ్ణి. దొరికింది. కానీ దానికి ముందు ఇంకో హాల్ దొరికింది, నా చేతిలోంచి పాతిక వేలు పోయింది. ఆ కథ ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో పగలబడి నవ్వుతావు, అది పక్క గదిలో ఉన్న మా ఆవిడకు వినపడుతుంది. ఆమెకు ఇంకా పదివేలు అనే చెప్పాను. అందుకే ఉత్తరం.

తమ్ముడు 2019లో ఉద్యోగానికి జపాన్‌లోని నాగోయా వెళ్ళాడు కదా. మరుసటి ఏడాది నూరు యెన్లకు 70 రూపాయలు వచ్చేవి. "అన్నా, పెళ్ళి ఖర్చు వియ్యాలవారిది, రిసెప్షన్ మనది. ఇరవై లక్షల యెన్లు పక్కన పెడతాను" అని వాడు అన్నప్పుడు నేను మనసులో పద్నాలుగు లక్షలు అని రాసేసుకున్నాను. ఆ తర్వాత యెన్ సంగతి పట్టించుకోలేదు. సంబంధం కుదిరాక, మొన్న జూలై మొదటి వారంలో చూద్దును కదా, నూరు యెన్లకు 52 కూడా రావట్లేదు. డాలర్‌కు 161 యెన్లట. వాడు అదే ఉద్యోగం చేస్తున్నాడు, అదే గదిలో ఉంటున్నాడు, దాచినది దాచినట్టే ఉంది. కూర్చున్నచోటే మూడున్నర లక్షలు ఆవిరి!

నీకీ బాధ తెలీదులే. మీ యూఏఈ దిర్హామ్‌ను 1997 నుంచి డాలర్‌కు 3.6725 అని గుంజకు కట్టేశారు. డాలర్ ఎటు నడిస్తే అది అటే. మన రూపాయి కూడా ఈ ఏడాది 83, 84 దగ్గరే బుద్ధిగా ఉంది. ఈ యెన్ ఒక్కటే తాడు తెంపుకున్న దూడ.

సరే, 52 లెక్కనే పది లక్షల నలభై వేలు అని క్యాలెండర్ వెనక పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను తెలివిగా చేసిన పని అదొక్కటే. తర్వాత దాన్ని నేనే మర్చిపోయాననుకో, అది వేరే సంగతి.

హాళ్ళ విషయానికొస్తే, ఈ ఏడాది మరీ దారుణం. ఏప్రిల్ ఆఖరు నుంచి శుక్ర మౌఢ్యమి, అది వదిలేలోపే ఆషాఢం. రెండు మూడు నెలలు ముహూర్తాల్లేక ఆగిన పెళ్ళిళ్ళన్నీ శ్రావణం మీదా కార్తీకం మీదా పడ్డాయి. బానసవాడి, కమ్మనహళ్ళి వైపు తిరిగితే ప్రతి కల్యాణ మంటపంలోనూ ఒకటే మాట: "ఆదివారం లేదు సార్." లేకపోతే ఉన్న ఒక్క ఆదివారానికీ నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకునేంత అద్దె. అంతకన్నా ఖరీదైన ప్యాలెస్ గ్రౌండ్స్ పేరెత్తాడు మా బావ. ఆయన్ని ఆ తర్వాత హాళ్ళు చూడ్డానికి తీసుకెళ్ళలేదు.

ఇక ఆ సోమవారం. ఆగస్టు 5, శ్రావణ శుద్ధ పాడ్యమి. జపాన్ సెంట్రల్ బ్యాంకు వడ్డీని ఏళ్ళ తరబడి సున్నా దగ్గరే ఉంచింది, 2016 నుంచి సున్నాకన్నా కిందే. ఈ మార్చిలో సున్నా పైకి తెచ్చారు, జూలై 31న పావు శాతం చేశారు. మన పావలా వడ్డీ అనుకునేవు. మనది నూటికి నెలకు పావలా, వాళ్ళది ఏడాదికి పావలా. ఆ పావలాకే లోకమంతా ఊగిపోయింది. ఎందుకో తెలుసా? మన పలమనేరులో తక్కువ వడ్డీకి తెచ్చి రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళు లేరూ, పెద్ద పెద్ద ఫండ్లవాళ్ళు చేసేదీ అదే. జపాన్‌లో దాదాపు ఊరికే వచ్చే యెన్లు అప్పు తెచ్చి, వాటితో డాలర్లు కొని, ఎక్కువ వచ్చేచోట పెడతారు. జపాన్‌లో వడ్డీ పెరుగుతోంది, అమెరికాలో తగ్గబోతోంది అని వాసన తగిలేసరికి అందరూ ఒకేసారి అప్పు తీర్చడానికి పరిగెత్తారు. తీర్చాలంటే యెన్లు కొనాలి. అందరూ కొంటే రేటు పెరగదా మరి! ఆ ఒక్కరోజులో టోక్యోలో షేర్ల సూచీ నిక్కేయ్ 12 శాతానికి పైగా కూలింది, 1987 తర్వాత అంత పతనం లేదట. మన సెన్సెక్స్ కూడా 2,200 పాయింట్లు పడింది. ఆఫీసులో అందరూ మొహాలు వేలాడేసుకుని ఫోన్లు చూస్తుంటే, నేనొక్కణ్ణే నవ్వుతూ కూర్చున్నాను. నూరు యెన్లకు 59!

పదకొండు లక్షల ఎనభై వేలు. నెలరోజుల్లో లక్షా నలభై వేలు పుట్టుకొచ్చాయి. తమ్ముడు ఫోన్ చేసి "పంపించెయ్యనా అన్నా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఆగరా, 60 అవుతుంది, గుండుగా పన్నెండు లక్షలు వస్తాయి." పదిహేనేళ్ళుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నవాణ్ణి, ఒక్క యెన్ చేత్తో పట్టుకోలేదు, నాకెందుకురా ఆ జోస్యం!

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి నేరుగా హోసకోటె రోడ్డులో ఒక కన్వెన్షన్ హాల్‌కు వెళ్ళాను. పేరు చెప్పను, తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. గేటు దగ్గర రెండు సిమెంటు ఏనుగులు, లోపల ఫౌంటెన్, చలికి పళ్ళు కొట్టుకునేంత ఏసీ. అద్దె నాలుగున్నర లక్షలు. మామూలు రోజైతే ఏనుగులకు దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేసేవాణ్ణి. జేబులో 59 ఉంది కదా. మేనేజర్ "కార్తీకంలో ఈ ఒక్క ఆదివారమే ఖాళీ సార్, పొద్దున ఇంకో పార్టీ చూసి వెళ్ళింది" అన్నాడు. పాతిక వేలు టోకెన్ ఫోన్లోనే కొట్టేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మర్నాడు వాట్సాప్‌లో షరతుల కాగితం వచ్చింది. అద్దె మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఎనభై ఒక్క వేలు. కరెంటు మీటర్ లెక్కన. జనరేటర్ డీజిల్ గంటకింత. ఎండాకాలంలో బెంగళూరు నీళ్ళకు ఎంత ఏడ్చిందో నువ్వూ విన్నావుగా, ఆ పేరు చెప్పి ట్యాంకర్ల ఖర్చు మనదే. డెకరేషన్ వాళ్ళ మనుషులే చేయాలి. మన క్యాటరింగ్ తెచ్చుకుంటే రాయల్టీ కట్టాలట. మా ఇంట్లో మేం అన్నం తింటే పక్కింటివాడికి రాయల్టీ ఇచ్చినట్టుంది. అన్నీ కూడితే హాల్‌కే ఏడు లక్షలు అవుతోంది, ఇంకా ఒక్క ఆకు కూడా పరవకముందే. వద్దు బాబూ, టోకెన్ ఇచ్చెయ్యండి అంటే, "వాపస్ కొడక్కె ఆగల్ల సార్" అని, వెనక్కి ఇవ్వడం కుదరదని, చావు కబురు చల్లగా చెప్పాడు.

అదే వారం, 7వ తారీఖున, జపాన్ సెంట్రల్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ మార్కెట్లు ఇలా అల్లాడుతున్నప్పుడు వడ్డీలు పెంచబోమన్నాడు. యెన్ మళ్ళీ జారింది. మొన్న శుక్రవారానికి 57 దగ్గరుంది. 59కీ 57కీ మధ్య ఇరవై లక్షల యెన్ల మీద నలభై వేలు. అది నా నోటిమాట ఖరీదు. తమ్ముడు మంచివాడు, ఏమీ అనలేదు. సగం మాత్రం అప్పటికప్పుడు పంపేశాడు, నన్ను అడక్కుండా. వచ్చింది ఐదు లక్షల అరవై మూడు వేలు. గూగుల్‌లో కనపడే రేటు ఎవడూ ఇవ్వడ్రా, పంపే కంపెనీ తన లాభం ఆ రేట్లోనే కలుపుకుంటుంది. నువ్వు ఇంటికి పంపేటప్పుడు ఫీజు ఎంతని చూడకు, చివరికి చేతికొచ్చే రూపాయలు ఎన్నని చూడు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. జూలైలోనే మంగళసూత్రం గొలుసు, నల్లపూసలు కొనేద్దామని నేను తొందరపెట్టాను, బంగారం పెరుగుతోంది కదా అని. "ఆషాఢంలో ఎవరైనా కొంటారా" అని ఆమె కదల్లేదు. జూలై 23న బడ్జెట్‌లో బంగారం మీద దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6కు తగ్గించారు. అమ్మ శ్రావణ శుక్రవారం నాడు నింపాదిగా వెళ్ళి, గ్రాముకు మూడు వందలకు పైగా తక్కువకు కొనుక్కొచ్చింది. నేను రోజుకు నలభైసార్లు ఫోన్లో రేట్లు చూసి నలభై వేలు పోగొట్టాను. ఆమె గోడ మీద పంచాంగం ఒక్కసారి చూసి లాభం తెచ్చింది. ఇప్పుడు ఇంట్లో నా లెక్కలకు విలువెంతో నువ్వే ఊహించుకో.

వియ్యాలవారు మూడు తరాలుగా బెంగళూరు తెలుగువాళ్ళు. వాళ్ళొక మంచి సలహాయే ఇచ్చారు. ఇక్కడ మంటపాలు మధ్యాహ్నం మూడు నుంచి మర్నాడు మూడు దాకా ఇస్తారు, కాబట్టి ముందురోజు సాయంత్రం రిసెప్షన్, పొద్దున ముహూర్తం, ఒకే అద్దెలో రెండూ అయిపోతాయన్నారు. ఈ ఊరి పద్ధతే అది. నాకు నచ్చింది. అమ్మ మాత్రం "తాళి కట్టకముందే పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటోలా?" అని ముద్ద కూడా ముట్టలేదు ఆ పూట. చివరికి వాళ్ళు పెళ్ళి ఆదివారం తిరుమలలో చేస్తామన్నారు. రిసెప్షన్ మాత్రం మనం తర్వాత ఇక్కడ పెట్టుకోవాలి.

అప్పుడు వెలిగింది బుర్ర. రిసెప్షన్‌కు ముహూర్తం దేనికి? అందరూ ఆదివారం కోసం కొట్టుకుంటుంటే మనమెందుకు కొట్టుకోవాలి? కేఆర్ పురం మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో పాత మంటపం ఒకటుంది. ఆదివారానికి రెండు లక్షల అరవై వేలు చెప్పినవాడే, మామూలు రోజుకు లక్షా అరవై అన్నాడు. మంగళవారమైతే ఇంకో ఇరవై తగ్గిస్తానన్నాడు కానీ అమ్మ మొహం చూసి నోరు మూసుకున్నాను. నవంబర్ 20, బుధవారం ఖాయం చేశాం. ఏనుగులు లేవు. ఫ్యాన్లున్నాయి. నవంబర్లో ఈ ఊళ్ళో ఏసీ ఎవడిక్కావాలి?

చోటు కూడా మనకు అనువైనదే. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చే బస్సులన్నీ అటే వస్తాయి, మదనపల్లె వాళ్ళూ హోసకోటె మీదుగా అక్కడే దిగుతారు. ఊళ్ళోకి రానక్కర్లేదు. తమ్ముడి ఐటీ స్నేహితులు వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో వస్తారు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి వచ్చేవాళ్ళ సంగతి దేవుడికే తెలియాలి. వాళ్ళు ఎనిమిదిన్నరకు చేరినా, పదికల్లా మైకు ఆపాల్సిందే, రూల్ అది. కాబట్టి పాటలవాణ్ణి తీసేశాం. నాదస్వరం చాలు. అది మా నాయన కోరిక, పైగా ఖర్చూ తక్కువ.

ఇప్పుడు నా విద్య చూడు. ఖాళీ హాల్ అద్దెకు తీసుకుంటే జీఎస్టీ 18 శాతం. క్యాటరింగ్ విడిగా 5 శాతం. అదే హాలూ భోజనమూ ఒకే మనిషి దగ్గర, ఒకే బిల్లుగా తీసుకుంటే మొత్తం మీద 5 శాతమే, రోజుకు 7,500 పైన గది అద్దె ఉండే హోటల్ కాకపోతే చాలు. అలాంటి హోటల్లో అయితే మొత్తానికీ 18. మా మంటపంవాడికే సొంత వంటవాళ్ళున్నారు. 450 ఆకులు, ఆకు 650. విడివిడిగా అయితే పన్ను 43,425. ఒకే బిల్లుగా రాయించాను, 22,625. మిగిలింది 20,800. పోయిన పాతికలో ఆ మాత్రం పూడిందని నాకు నేను చెప్పుకుంటున్నాను.

కార్తీకం కాబట్టి అంతా శాకాహారమే. మా బావలు గునుస్తున్నారు గానీ, ఆకు ధర 650 దగ్గర ఆగిందంటే కార్తీకం చలవే. రుచి చూడ్డానికి మొన్న పిలిచారు. బిసిబేళె బాత్ అద్భుతం. సాంబారులో మాత్రం ఈ ఊరి అలవాటు ప్రకారం బెల్లం వేశారు. "మావాళ్ళు సీమవాళ్ళయ్యా, ఇది పాయసం అనుకుంటారు" అంటే, "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి సార్" అన్నాడు. అడ్జస్ట్ కాలేదు. బెల్లం తీసేసి, ఎర్రకారం చట్నీ కలిపాం. హోళిగె వాళ్ళదీ, ఓళిగ మనదీ ఒకటే బొబ్బట్టు కాబట్టి అక్కడ గొడవ రాలేదు.

హాలూ భోజనమూ పన్నుతో కలిపి నాలుగు లక్షల డెబ్బై ఐదు వేలు. బట్టలు, పూలు, ఫొటోలు, రానుపోను బస్సులు వేసుకున్నా క్యాలెండర్ వెనక రాసిన పది లక్షల నలభై దాటట్లేదు. యెన్ మళ్ళీ 52కు పడినా గట్టెక్కుతాం.

తమ్ముడి దగ్గర ఇంకా పది లక్షల యెన్లున్నాయి. నిన్న రాత్రి ఫోన్ చేసి "అన్నా, 60 అవుతుందంటావా?" అని అడిగాడు. ఫోన్ అమ్మకిచ్చాను. ఆమె "వరలక్ష్మీ వ్రతం మొన్ననే అయింది, ఇంకా రెండు శుక్రవారాలున్నాయి, ఏదో ఒక శుక్రవారం పంపు" అంది. వాడు సరేనన్నాడు.

నీకు టికెట్ తీసుకోమని మళ్ళీ చెప్పను. 19వ తారీఖుకే వచ్చెయ్. భోజనాల గదిలో బంతికి నూట యాభై మందే పడతారు, వడ్డించేవాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి నమ్మకమైన మనిషి కావాలి. వచ్చేటప్పుడు అమ్మకు ఖర్జూరాలు తే, ఆ గింజ పెద్దవి కాదు, పోయినసారి తెచ్చిన మెత్తనివి. పాతిక వేల సంగతి మా ఆవిడ దగ్గర ఎత్తావో, నీకు బెల్లం సాంబారే.

నీ,
బక్కోడు