ఇస్లాంతో మా తేడాను ఉన్నది ఉన్నట్టు చెబుదాం

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య విశాఖ వన్ టౌన్‌లో మా వీధి చివర మూడు రాత్రులు సువార్త కూటాలు జరిగాయి. రెండో రాత్రి వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, "ముసల్మానులు మొక్కేది చంద్రుడికి, అందుకే మసీదు మీద నెలవంక పెట్టుకుంటారు" అన్నాడు. ముందు వరసల్లోవాళ్ళు ఆమేన్ అన్నారు. మా పక్కింటివాళ్ళు ముస్లింలు. ఉక్కపోతకి డాబా మీద పడుకున్నారు, ప్రతి మాటా విన్నారు. పొద్దున్న కుళాయి దగ్గర ఆవిడ నన్ను అడిగారు: "టీచరమ్మా, మీ బైబిల్లో మా గురించి అలా రాసి ఉందా?" లేదమ్మా అన్నాను. అంతకుమించి ఏం చెప్పాలో తోచలేదు, సిగ్గేసింది.

ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్లో పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయిస్తున్నాను. నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదని అందులో ఉంది. ఆ పొరుగువాడు మన సంఘస్థుడే అయి ఉండాలని లేదు. చంద్రుడి మాట పచ్చి అబద్ధం. సూర్యుడికీ చంద్రుడికీ సజ్దా (సాష్టాంగ నమస్కారం) చేయకండి, వాటిని సృష్టించినవాడికే చేయండి అని ఖురాన్ 41వ సూరాలో, అంటే అధ్యాయంలో ఉంది. నెలవంక గుర్తు మహమ్మద్ ప్రవక్త కాలం నాటిది కాదు, ఒట్టోమన్ తుర్కుల వల్ల చాలా తర్వాత బాగా వ్యాపించింది. అల్లా అంటే వేరే ఏదో దేవుడి పేరని కూడా ఆ ప్రసంగంలో చెప్పారు. లెబనాన్, సిరియా, ఈజిప్టుల్లోని అరబ్బు క్రైస్తవులు తమ బైబిల్లో దేవుణ్ణి ఆ మాటతోనే పిలుస్తారు. ఇంత చిన్న సంగతి తెలుసుకోకుండా మైకు పట్టుకోవడం నాకు బాధ కలిగించింది.

అలాగని రెండు మతాలూ ఒకటేనంటే నేను ఒప్పుకోను. పండగ వచ్చిందంటే పేపర్లలో మన హార్బర్ దగ్గరి మూడు కొండల ఫోటో వేస్తారు. ఒకదాని మీద మేరీ మాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. కింద 'అన్నీ ఒకటే' అని రాస్తారు. ఆ ఫోటో నాకూ ఇష్టమే. కానీ అన్నీ ఒకటే అనడం వల్ల నా నమ్మకానికీ విలువ లేకుండా పోతుంది, మా పక్కింటావిడ నమ్మకానికీ లేకుండా పోతుంది. ఆవిడ కూడా ఆ మాట ఒప్పుకోరు.

అసలు తేడా యేసు దగ్గరే ఉంది. రెండు మతాలూ బాగా దగ్గరయ్యేదీ ఆయన దగ్గరే. ఖురాన్ ఆయన్ని ఈసా అంటుంది, మసీహ్ (క్రీస్తు) అంటుంది, కన్య మర్యంకు పుట్టాడంటుంది. 19వ సూరా పేరే మర్యం. ఖురాన్ మొత్తంలో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఆమె ఒక్కరే. ఇంతదాకా కలిసి నడవగలం. 4వ సూరా 157వ వాక్యం దగ్గర ఆగిపోతాం. వాళ్ళు ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు అంటుంది ఆ వాక్యం. మాకేమో సిలువ తీసేస్తే గుడ్ ఫ్రైడే లేదు, ఈస్టర్ లేదు, ప్రభువు బల్ల (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం) లేదు. క్రీస్తు మృతుల్లోంచి లేపబడకపోతే మా ప్రకటనా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమే అని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు. దేవుడు తన ప్రవక్తను అంత అవమానకరమైన చావుకు వదిలేయడని ముస్లింలు అంటారు. వాళ్ళ ఉద్దేశంలో అది ఈసాకు ఇచ్చే గౌరవం. మేము ఆ అవమానంలోనే దేవుని ప్రేమను చూశాం. ఈ రెంటికీ రాజీ కుదరదు. నేను సిలువనే నమ్ముతాను.

పాపం విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. ఆదాము పాపం మనుషులందరికీ వచ్చిందని మేము నమ్ముతాం. ఆదాము పశ్చాత్తాపపడ్డాడు, దేవుడు క్షమించాడు, ఆ తప్పు పిల్లలకు రాదు అంటుంది ఇస్లాం. అందుకే వాళ్ళకు రక్షకుడి అవసరం కనిపించదు.

అపార్థాలు అటువైపు కూడా ఉన్నాయి. త్రిత్వమంటే దేవుడు, మరియమ్మ, యేసు అని మా పక్కింటావిడ చాలాకాలం అనుకున్నారట. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనీ, అయినా దేవుడు ఒక్కడే అనీ చెప్పాను. దేవుడికి కొడుకేమిటని ఆవిడ మొహమాటం లేకుండా అడిగారు. దేవుడు ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అని 112వ సూరాలో ఉంది కదా! కుమారుడంటే శరీర సంబంధం కాదని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు, కానీ మేమేం నమ్ముతామో అర్థమైంది.

ఎక్కువమంది గమనించని తేడా ఇంకోటుంది. ఖురాన్‌ను బైబిల్‌తో పోలుస్తాం గానీ, ముస్లింలకు ఖురాన్ ఎలాగో మాకు యేసు అలాగ. వాళ్ళకు దేవుని వాక్కు అరబ్బీలో దిగివచ్చింది, మాకు వాక్యం మనిషిగా వచ్చింది. అందుకే ఏ దేశంలో ఉన్నా నమాజులో ఖురాన్‌ను అరబ్బీలోనే చదువుతారు. మా బైబిలేమో తెలుగులోనూ బైబిలే. ఆ పనిలో మన ఊరికీ పెద్ద పాత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖ వచ్చి, ఆనందరాయరు సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఖురాన్‌కూ తెలుగు అనువాదాలున్నాయి. ఉత్తరాంధ్ర పండితుడు చిలుకూరి నారాయణరావు గారు ఏనాడో ఒకటి చేశారు. ఇస్లాం మీద ప్రసంగించేవాళ్ళు ఒక్కసారైనా ఖురాన్ తెలుగులో చదువుకుని రావచ్చు.

మీకు నాదొక విన్నపం. మీ భక్తి పేజీలో ఇస్లాం గురించి ముస్లింలచేత, మా గురించి మాచేత రాయించండి. తేడాలున్నచోట తేడాలు రాయనివ్వండి. పాస్టర్లకు, సంఘ పెద్దలకు చెప్పేది ఒక్కటే. ప్రసంగీకుణ్ణి పిలిచే ముందు ఆయన ఏం చెప్పబోతున్నాడో అడగండి. పేతురు పత్రికలో మన నిరీక్షణ (దేవుని మీద పెట్టుకున్న ఆశ) గురించి సాత్వికంతో జవాబు చెప్పమన్నారు, ఎగతాళి చేయమనలేదు.

మా పక్కింటావిడ అడిగినదానికి ఆ పొద్దున్న నేను సగం జవాబే చెప్పగలిగాను. మిగతాది ఆ కూటాలు పెట్టిన పెద్దలు చెప్పాలి, అదే వీధిలో, అదే మైకులో.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
వన్ టౌన్, విశాఖపట్నం