కొత్తగా రేడియో స్కానర్ పట్టుకున్నవాళ్లకు

అందరికీ నమస్తే. వైర్‌లెస్ మాటలు వినే ఈ సెట్టు ఆన్ చేయగానే బుస్సుమంటే పాడైందనుకోకండి. స్క్వెల్చ్ నాబ్‌ను, అంటే సిగ్నల్ లేనప్పటి రొదను ఆపేదాన్ని, ఆ చప్పుడు ఆగేదాకా మెల్లగా తిప్పి అక్కడే వదిలేయండి. ఇంకా తిప్పితే దూరపు సిగ్నల్స్ కూడా పోతాయి.

విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య వస్తాయి. మోడ్ ఏఎంలోనే ఉండాలి, చాలామంది ఎఫ్ఎంలో పెట్టి టెన్షన్ పడుతున్నారు. హన్మకొండలో డాబా ఎక్కితే పైన పోయే పైలట్ గొంతు దొరకొచ్చు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు టవర్ జవాబు మాత్రం ఇంత దూరం అందదు, దానికి సెట్టును తిట్టకండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్‌లో, ఎఫ్ఎం పెట్టి చూడండి. అందులోని వ్యోమగాములు ప్రతిసారీ మాట్లాడరు, ఓపిక కావాలి.

పోలీసు ఛానళ్ల జోలికి వెళ్లొద్దు, విన్నవి రికార్డు చేసి ఇక్కడ అసలే పెట్టొద్దు. కొనబోయేవాళ్లు ముందు లైసెన్సు నిబంధనలు చూసుకోండి. ఆదివారం పొద్దున పద్మాక్షి గుట్ట దగ్గర కలుద్దాం, చార్జింగ్ నిండుగా పెట్టుకుని రండి.