అన్నపూర్ణ సర్క్యూట్‌కి రోజులు పెంచాం, ధర కూడా పెంచాం

అక్టోబర్ బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్లకీ, కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ అసలు విషయం ముందే చెప్పేస్తున్నాం. నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ నడిచే మా అన్నపూర్ణ సర్క్యూట్ ట్రిప్ ఇదివరకు 14 రోజులు, ఇప్పుడు 18. ధర 58 వేల నుంచి 72 వేలకి వెళ్లింది. విమానం టికెట్లు ఎప్పటిలాగే విడిగా. ఇది విని కొంతమంది ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. ఇంకొంతమంది "మనాంగ్ దాకా జీపు వెళ్తోంది కదండీ, అక్కడిదాకా జీపెక్కించేసి, పాస్ (కొండల మధ్య కనుమ) దాటించి, ముక్తినాథ్ దర్శనం చేయించి వారంలో తీసుకొచ్చేయండి, సగం ధరకి అయిపోతుంది" అంటున్నారు. ఆ ప్యాకేజీ మేం పెట్టం. కారణం రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇంత రాస్తున్నాను.

జీపు మనాంగ్‌కి చేరుస్తుంది, నిజమే. కానీ కింద ఆ జీపెక్కే బేసిశహర్ ఎత్తు 760 మీటర్లు, మనాంగ్ సుమారు 3,540. బండి ఎక్కినంత తొందరగా ఒళ్లు ఎక్కదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెప్తారు. ఆ పైన దాటాల్సిన పాస్, థొరాంగ్ లా, 5,416 మీటర్లు, అక్కడ పీల్చే గాలిలో మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో సుమారు సగం. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకీ, మారథాన్లు పరిగెత్తేవాళ్లకీ ఇందులో మినహాయింపు లేదు, నిజానికి వాళ్లతోనే మాకు టెన్షన్ ఎక్కువ, తలనొప్పి వచ్చినా చెప్పకుండా ముందుకి పోతారు.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఎయిడ్ పోస్ట్ ఉంది, సీజన్లో అక్కడి డాక్టర్లు ట్రెక్కర్లని కూర్చోబెట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి క్లాస్ చెప్తారు. మా గ్రూపులో ప్రతి ఒక్కరూ ఆ క్లాసుకి వెళ్లాల్సిందే. ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించుకుంటూ తిన్నగా నడవమంటారు. తాగినవాడిలా తూలితే అది ఎత్తు వల్ల మెదడు వాస్తున్న లక్షణం, ఇక మాటల్లేవు, అర్ధరాత్రయినా కిందికి దించాల్సిందే. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో అని అనుమానించాలి, దానికీ అంతే. డయామాక్స్ మాత్ర వేసుకుంటే ఒళ్లు అలవాటు పడటానికి సాయపడుతుందే తప్ప పైకి పరిగెత్తడానికి అది లైసెన్స్ కాదు. మీ డాక్టర్ని అడిగి మాత్రమే తెచ్చుకోండి.

పెంచిన నాలుగు రోజుల్లో రెండు ఎగువ పిసాంగ్, మనాంగ్ దగ్గర అదనంగా ఆగడానికి. ఒకటి వాతావరణం బాగోకపోతే వాడుకోవడానికి ఖాళీగా ఉంచుకున్నది. దీని గురించి విశాఖవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటింది. చెట్లన్నీ కూలిపోయి, కరెంటు లేక, మంచినీళ్లకి క్యూ కట్టి మన బాధలో మనం ఉన్నాం. ఆ తుఫానే బలహీనపడుతూ ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత అక్టోబర్ 14న థొరాంగ్ లా మీద, ఆ చుట్టుపక్కల మంచుగా కురిసింది. ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, స్థానికులు కలిపి 40 మందికి పైగా చనిపోయారు, నేపాల్ ట్రెకింగ్‌లో అంత ఘోరం అరుదు. ముక్తినాథ్ వైపు దిగే దారిలో నడుం లోతు మంచులో దారి కనపడక ప్రాణాలు పోయినవాళ్లే చాలామంది. అక్టోబర్ అక్కడ మంచి సీజన్, మనకి తుఫాన్ల సీజన్, ఈ రెండిటికీ సంబంధం ఉంది. అందుకే బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని తెలిస్తే మా గ్రూపు మనాంగ్‌లోనే ఆగుతుంది, ఆకాశం నీలంగా ఉన్నా సరే. "ఎండ కాస్తోంది కదా, వెళ్దాం" అంటే కుదరదు, ఆ మాట బుకింగ్ ఫారంలోనే రాశాం. ఖాళీ రోజు వాడకపోతే దాన్ని పాస్ దాటాక వచ్చే కాగ్‌బేని ఊళ్లో ఖర్చుపెడతాం.

పెంచినవాటిలో నాలుగో రోజు కింద పల్లెల కోసం. ఇది మా ఇష్టంతో పెట్టింది, దాచను. మామూలుగా అందరూ ధారాపాని దాకా బండిలో వెళ్లిపోతారు. మేం ఇప్పుడు నాదీ దగ్గర దిగి బాహున్‌డాండా, ఘెర్ము మీదుగా నడుస్తాం. బాహున్‌డాండా బ్రాహ్మణుల కొండ, చుట్టూ మెట్లు మెట్లుగా వరి మళ్లు, మన అరకు వైపు వాళ్లకి వెంటనే చనువుగా అనిపించే నేల. ఘెర్ము గురుంగ్ తెగవాళ్ల ఊరు. అక్కణ్నుంచి పైకి పోతుంటే వరి పోయి మొక్కజొన్న, రాగి, అవీ పోయి బార్లీ, బక్‌వీట్ వస్తాయి. పిసాంగ్ చేరేసరికి కొండల అడ్డం వల్ల వర్షం తగ్గిపోయి, వాలు కప్పులు పోయి చదును మట్టి మిద్దెలు కనపడతాయి, ఊరి మొదట్లో మణి గోడ (మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ), ప్రార్థన చక్రాలు, మాట్లాడేది టిబెటన్‌కి దగ్గరి భాష. ఆ గోడ మీ కుడిచేతి వైపు ఉండేలా నడవాలి, మనం గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టే. జీపులో పోతే ఈ మార్పంతా ఒక్క మధ్యాహ్నంలో దుమ్ములో కలిసిపోతుంది.

పిసాంగ్ నుంచి మనాంగ్‌కి కూడా కింది రోడ్డు వదిలేసి ఘ్యారూ, ఙవల్ మీదుగా పై దారిలో వెళ్తాం. ఘ్యారూ ఎక్కుడు కష్టం, నిటారుగా పైకి వంకర్లు తిరుగుతూ గంటన్నర పైనే పడుతుంది. ఎక్కాక ఎదురుగా అన్నపూర్ణ-2 శిఖరం మొత్తం నిలబడి ఉంటుంది. అంతకంటే నాకు గుర్తుండేది అక్కడ టీ ఇచ్చే దీదీ వంటిల్లు: మధ్యలో ఇనప పొయ్యి, దాని చుట్టూ బెంచీలు, బక్‌వీట్ పిండి కాస్త జారుగా కలిపి పెనం మీద గరిటెతో తిప్పి రొట్టె వేస్తుంది, అచ్చం మన అట్టు. దాంట్లోకి మావాళ్లు ఆవకాయ తీస్తే ఆవిడా కొంచెం రుచి చూసి, ఇంకొంచెం అడిగి పెట్టించుకుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. ముక్తినాథ్ యాత్రకి వచ్చే పెద్దవాళ్లు కొందరు వంటవాణ్ని, కుక్కర్‌నీ వెంట తెచ్చుకుంటామని అడుగుతున్నారు. దయచేసి వద్దండీ. ఆ ఊళ్లలో లాడ్జీలు గది అద్దె నామమాత్రంగా తీసుకుంటాయి, వాళ్లకి మిగిలేది భోజనం మీదే. పడుకున్న చోటే తినాలన్నది అక్కడి మర్యాద. పప్పూ అన్నం, కూర, ఆకుకూర ప్రతిచోటా ఉంటాయి, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. అటువైపు దిగాక కాలీగండకి లోయలో థకాలీ తెగవాళ్ల వంట తిన్నవాళ్లెవరూ కుక్కర్ గురించి మళ్లీ అడగలేదు, వంటింట్లో రాగి, ఇత్తడి గిన్నెలు వరసగా తోమి పెట్టి మా అమ్మమ్మ ఇల్లు గుర్తుచేస్తారు. ఒకప్పుడు టిబెట్ ఉప్పు వ్యాపారం నడిపినవాళ్లు, యాత్రికులకి పెట్టడం వాళ్లకి కొత్త కాదు. పచ్చళ్లు, కారప్పొడులు నిరభ్యంతరంగా తెచ్చుకోండి.

ముక్తినాథ్ గురించి: తిరుమంగై ఆళ్వార్ పాడిన సాలగ్రామం అనే క్షేత్రం ఇదేనని, విష్ణువు 108 దివ్యదేశాల్లో ఒకటని మనవాళ్లు వస్తారు. అదే గుడిలో బౌద్ధులు అదే విగ్రహాన్ని అవలోకితేశ్వరుడిగా కొలుస్తారు, బౌద్ధ సన్యాసినులు చూసుకుంటారు. కింద జ్వాలామాయి దగ్గర రాతి సందులో గ్యాస్‌తో వెలిగే చిన్న నీలి మంట ఉంటుంది, అదీ ఇద్దరికీ పవిత్రమే. కాబట్టి "వీళ్లెవరు మన గుడిలో" లాంటి మాటలు అక్కడ అనకండి, నాకు చాలా బాధగా ఉంటుంది. 108 ధారల కింద స్నానం చేస్తామనేవాళ్లు పాస్ దాటిన రోజు కాకుండా మర్నాడు ఎండెక్కాక చేయండి. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో తడిస్తే గానీ తెలియదు, పాస్ దాటాక ఒంట్లో ఓపిక ఏమీ మిగలదు.

ధర పెరగడానికి రోజులతో పాటు పోర్టర్లూ కారణమే. ఇక మీదట ఒక్కొక్కరి మీద 20 కిలోలకి మించి పెట్టం, అంటే ఇద్దరు కస్టమర్లకి ఒక పోర్టర్, మీ బ్యాగు 10 కిలోలు. బయల్దేరే ముందు తూకం వేస్తాం, ఎక్కువుంటే పోఖరాలో వదిలేసి వెళ్లాలి. పోర్టర్లందరికీ ఇన్సూరెన్స్, పాస్ దాటడానికి జాకెట్, బూట్లు, కళ్లజోడు మా ఖర్చే. గైడ్ లేకుండా వెళ్తే చవక కదా అంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ టూరిజం బోర్డు విదేశీ ట్రెక్కర్లకి గైడ్ తప్పనిసరి చేసింది. అన్నపూర్ణ పర్మిట్ మాత్రం మనతో సహా సార్క్ దేశాలవాళ్లకి తక్కువే, వెయ్యి నేపాలీ రూపాయలు, మన లెక్కలో 625.

కాగితాల సంగతి: వీసా అక్కర్లేదు, కానీ విమానానికి పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు ఆధార్ చూపిస్తే ఎక్కనివ్వరు. హెలికాప్టర్ రెస్క్యూకి వర్తించే ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి, 6,000 మీటర్ల వరకూ చెల్లుతుందని పాలసీలో రాసి ఉందో లేదో చూసుకుని కాపీ మాకు పంపండి.

పాత ధరకి అడ్వాన్స్ కట్టినవాళ్లకి కొత్త ప్లాన్ ఇష్టం లేకపోతే ఈ నెలాఖరులోగా ఒక మెసేజ్ పెట్టండి, మొత్తం వెనక్కి వేస్తాం, ఒక్క రూపాయి కూడా పట్టుకోం. కొనసాగుతామనేవాళ్లు మిగతా డబ్బు ఆగస్టులో కడితే చాలు. 60 దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు మాత్రం డబ్బు కట్టే ముందు నాకు ఫోన్ చేయండి. పాస్ వద్దు, దర్శనం చాలు అనుకుంటే పోఖరా నుంచి జోమ్‌సోమ్ మీదుగా బండిలోనే ముక్తినాథ్ దాకా తీసుకెళ్తాం, దారిలో మార్ఫాలో ఒక రాత్రి ఆగుదాం, అక్కడి యాపిల్స్ ఆ టైముకి కోతకొచ్చి ఉంటాయి.